సింగిల్, ఆల్బమ్, రేడియో ఎడిట్: వీటిలో అసలు పాట ఏది?

మీ ప్రశ్న ఇదీ: డోర్స్ బృందం పాడిన 'లైట్ మై ఫైర్' మీ యాప్‌లో ఒకచోట ఏడు నిమిషాలుంది, ఇంకోచోట మూడు నిమిషాలు కూడా లేదు. పొట్టిదాంట్లో మధ్యలో వచ్చే ఆర్గన్ వాయింపు దాదాపు మొత్తం మాయమైంది. వేరే పాటల పక్కన 'సింగిల్ వెర్షన్' (సింగిల్ అంటే ఆల్బమ్‌తో కాకుండా విడిగా అమ్మే ఒక పాట రికార్డు), 'రేడియో ఎడిట్', 'రీమాస్టర్' అని రకరకాలుగా రాసి ఉంటోంది. వీటిలో అసలు పాట ఏది, ప్లేలిస్టులో ఏది పెట్టుకోవాలి?

చాలామంది దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పేస్తారు. ఆల్బమ్‌లో ఉన్నదే అసలుదట, మిగతావన్నీ దాన్ని కత్తిరించినవట. చాలా పాటల విషయంలో ఆ మాట తప్పు. పాత రికార్డులను డిజిటల్‌లోకి ఎక్కించే పని, రేడియో కోసం పాటలు ఎడిట్ చేసే పని, రెండూ చాలాకాలం చేశాను కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను.

ముందు ఒక్క సంగతి తేల్చుకుంటే మిగతాదంతా తేలిక. రెండు వెర్షన్ల మధ్య తేడా మూడు రకాలుగా వస్తుంది. ఒకే రికార్డింగును అక్కడక్కడ కోసి అతికితే అది ఎడిట్. స్టూడియోలో విడివిడి ట్రాకులుగా ఉన్న గొంతు, గిటారు, డ్రమ్స్‌ను కొత్త పాళ్లలో మళ్లీ కలిపితే అది వేరే మిక్స్. పాటనే మళ్లీ పాడి, మళ్లీ వాయిస్తే అది వేరే టేక్. 'సింగిల్ వెర్షన్' అన్న పేరు ఈ మూడింటిలో ఏది జరిగిందో చెప్పదు. ఆ పాట ఏ రూపంలో అమ్మకానికి వచ్చిందో మాత్రమే చెబుతుంది. గందరగోళం పుట్టేది అక్కడే.

మీరడిగిన పాట మొదటి రకం. 'లైట్ మై ఫైర్' 1967 జనవరిలో డోర్స్ మొదటి ఆల్బమ్‌లో వచ్చింది. ఏడు నిమిషాల పైన నిడివి, అందులో గొంతు వినిపించేది సగం కూడా కాదు. రే మంజారెక్ ఆర్గన్, దాని వెనకే రాబీ క్రీగర్ గిటారు తీరిగ్గా సాగుతాయి. అంత పొడుగు పాటను వేయడం అప్పటి పాప్ రేడియోకు కుదరని పని. అందుకని నిర్మాత పాల్ రాత్‌చైల్డ్ ఆ సోలోలను, అంటే గొంతు లేకుండా ఒక్క వాద్యమే ముందుండి సాగే భాగాలను, దాదాపు తీసేసి పాటను 2 నిమిషాల 52 సెకన్లకు దించాడు. అమెరికా బిల్‌బోర్డ్ హిట్ పాటల పట్టికలో 1967 జూలైలో మొదటి స్థానానికి చేరింది ఆ సింగిలే.

ఇంతవరకు వింటే ఆల్బమ్‌దే అసలుది అన్న వాదమే గెలిచినట్టుంటుంది. కానీ ఆ ఆల్బమ్ స్టీరియో రికార్డులో ఒక లోపం ఉంది. టేపు కాస్త నెమ్మదిగా తిరిగింది. దాంతో పాట వేగం తగ్గింది, శ్రుతి కూడా దాదాపు అర స్వరం కిందికి దిగింది. దశాబ్దాల పాటు ప్రపంచమంతా ఆ నెమ్మది పాటనే విన్నది. సింగిల్ మాత్రం మొదటి నుంచీ సరైన వేగంతోనే ఉంది. ఆల్బమ్‌ను సరిచేసింది 40 ఏళ్ల సందర్భంగా వేసిన కొత్త మిక్సుల్లో. మరి దీంట్లో అసలుది ఏదంటారు? పూర్తి నిడివి ఒకదాంట్లో ఉంది, సరైన శ్రుతి ఇంకోదాంట్లో ఉంది. నేనైతే ఈ పాట వరకు పొడుగుదే, అదీ వేగం సరిచేసినదే వింటాను. ఆ ఆర్గన్ సోలో లేకపోతే పాటలో ఉన్న మత్తంతా పోతుంది.

అసలీ మూడు నిమిషాల లెక్క ఎక్కడిది? పాత 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) ప్లేటు ఒక్కో వైపు పట్టేది మూడు నిమిషాల చిల్లర. పాట రాసేవాళ్లు, పాడేవాళ్లు ఆ కొలతకే అలవాటుపడ్డారు. మన పాత సినిమా పాటల రికార్డులు చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. పాట పొడుగైతే ప్లేటు మీద ఒకటో భాగం, తిప్పేస్తే రెండో భాగం. సినిమాలో ఉన్న చరణం రికార్డులో లేకపోవడం, రికార్డులో ఉన్నది హాల్లో వినిపించకపోవడం కూడా మనకు అనుభవమే.

1948లో కొలంబియా కంపెనీ 33⅓ ఆర్‌పీఎం ఎల్పీని, అంటే ఎక్కువసేపు మోగే పెద్ద రికార్డును, తెచ్చింది. ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా పడుతుంది. మరుసటి ఏడాది ఆర్‌సీఏ విక్టర్ ఏడంగుళాల 45 ఆర్‌పీఎం రికార్డు తెచ్చింది. పొడుగైన సంగీతం ఎల్పీకి, పాప్ పాట 45కి అన్నట్టు పంపకం జరిగిపోయింది. ఇక్కడ ఒక భౌతిక కారణం ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. రికార్డు మీద గాడి ఎంత వెడల్పుగా ఊగితే శబ్దం అంత గట్టిగా వస్తుంది. నిమిషాలు పెరిగేకొద్దీ గాడులను దగ్గర దగ్గరగా ఇరికించాలి, అంటే శబ్దం తగ్గించాలి. నాణెం వేస్తే పాట వాయించే జ్యూక్‌బాక్సులో పక్కపాట కంటే మన పాట మెల్లగా వినిపిస్తే ఏ కంపెనీ ఒప్పుకుంటుంది? పొట్టి పాటకు గట్టిగా మోగే వీలుంది. అలాగని ఏడు నిమిషాలు అసాధ్యమేమీ కాదు. 1968లో బీటిల్స్ 'హే జూడ్' ఏడు నిమిషాల పైచిలుకు పాట, ఒకే వైపు సింగిల్‌గా వచ్చింది. డాన్ మెక్లీన్ 'అమెరికన్ పై' మాత్రం ఎనిమిదిన్నర నిమిషాలు కావడంతో 1971లో రికార్డుకు రెండు వైపులా పంచాల్సి వచ్చింది.

ఇప్పుడు రెండో రకానికి వద్దాం. నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ 'లెట్ ఇట్ బీ'. సింగిల్ 1970 మార్చిలో వచ్చింది, ఆల్బమ్ మేలో. అంటే సింగిలే ముందు. రెండింటికీ మూలం 1969 జనవరి 31న వాయించిన ఒకే టేక్. సింగిల్ చేసింది జార్జ్ మార్టిన్. ఆల్బమ్‌కు వచ్చేసరికి టేపులు ఫిల్ స్పెక్టర్ చేతికి వెళ్లాయి. ఆయన వెనక వాద్యాలను పైకి తెచ్చాడు, డ్రమ్స్‌లో హై-హ్యాట్ (జంట తాళపు పళ్లేలు) మీద ఎకో వేశాడు, ఆఖర్లో పల్లవిని పొడిగించాడు. అన్నిటికంటే స్పష్టంగా తెలిసేది మధ్యలోని గిటారు సోలో. జార్జ్ హారిసన్ దాన్ని వేర్వేరు రోజుల్లో రెండుసార్లు రికార్డు చేశాడు. సింగిల్‌లో ఉన్నది 1969 ఏప్రిల్‌లో వాయించినది, కాస్త మెత్తగా తేలుతున్నట్టుంటుంది. ఆల్బమ్‌లోది 1970 జనవరిలోది, గరుకుగా, దూకుడుగా ఉంటుంది. ఈ పాటలో ఆల్బమ్‌దాన్ని కత్తిరించి సింగిల్ చేశారనడానికి ఆస్కారమే లేదు. ఒకే మూలం నుంచి ఇద్దరు మనుషులు తీసుకున్న రెండు నిర్ణయాలవి. నా ఓటు జార్జ్ మార్టిన్‌కే. ఆ పాటలో ఓదార్పు ఉంది, దానికి ఆ మెత్తని సోలోయే తగినది.

సైమన్ అండ్ గార్‌ఫంకెల్ 'ది సౌండ్ ఆఫ్ సైలెన్స్' కథ ఇంకా విచిత్రం. 1964 ఆల్బమ్‌లో అది రెండు గొంతులు, అకూస్టిక్ గిటారుతో సాగే నిరాడంబరమైన పాట. ఆల్బమ్ ఆడలేదు, ఇద్దరూ ఎవరిదారిన వాళ్లు పోయారు. 1965 జూన్‌లో నిర్మాత టామ్ విల్సన్, వాళ్లకు తెలియకుండానే, అదే రికార్డింగు మీద ఎలక్ట్రిక్ గిటారు, బేస్, డ్రమ్స్ వేయించి సింగిల్‌గా వదిలాడు. 1966 జనవరికి అది అమెరికాలో మొదటి స్థానంలో ఉంది. విడిపోయిన ఇద్దరూ మళ్లీ కలిసి పనిచేయడానికి కారణం ఆ సింగిలే. పాడినవాళ్లు కోరుకున్నది ఆల్బమ్ రూపం, లోకం గుర్తుపెట్టుకున్నది సింగిల్ రూపం. రెండూ చరిత్రే.

మూడో రకానికి, అంటే వేరే టేకుకు, బీటిల్స్ మొదటి సింగిల్ 'లవ్ మీ డూ' చాలు. 1962 సెప్టెంబర్ 4న రింగో స్టార్ డ్రమ్స్ వాయించగా ఒకసారి రికార్డు చేశారు. నిర్మాతకు తృప్తి కలగలేదు. సెప్టెంబర్ 11న ఆండీ వైట్ అనే స్టూడియో డ్రమ్మర్‌ను పిలిపించి మళ్లీ చేశారు, రింగో చేతికి టాంబురిన్ (కంజీర లాంటి వాద్యం) ఇచ్చారు. అక్టోబర్‌లో బ్రిటన్‌లో విడుదలైన మొదటి సింగిల్‌లో రింగో డ్రమ్సే ఉన్నాయి. మరుసటి ఏడాది ఆల్బమ్‌లోకి మాత్రం ఆండీ వైట్ టేక్ వెళ్లింది, తర్వాతి ముద్రణల్లో సింగిల్‌లోకీ అదే వచ్చింది. గుర్తుపట్టడం సులువు: టాంబురిన్ వినిపిస్తే ఆండీ వైట్ టేక్, లేకపోతే రింగోది. ఇక్కడ నన్ను బాధపెట్టే సంగతి ఒకటుంది. ఆ సింగిల్ మాస్టర్ టేపు, అంటే రికార్డులు ముద్రించడానికి మూలమైన టేపు, మిగల్లేదు. ఇప్పుడు మనం వినే రింగో వెర్షన్‌ను పాత రికార్డు ప్లేటు నుంచే ఎక్కించారు. ఆల్బమ్‌దే అసలుది అన్న ఆలోచన పాతుకుపోతే సింగిల్ టేపులు ఇలాగే పోతాయి.

అరవైల పాటలైతే మోనో, స్టీరియో కూడా చూడాలి. సింగిళ్లు ఎక్కువగా మోనోలో, అంటే శబ్దమంతా ఒకే చానెల్‌లో, వచ్చేవి. ఏఎం రేడియో, కారు రేడియో, జ్యూక్‌బాక్సు అన్నీ ఒకే స్పీకరు వ్యవహారం కనుక నిర్మాతలు అసలు శ్రద్ధంతా మోనో మీదే పెట్టేవాళ్లు. బీటిల్స్ 'హెల్ప్!' సింగిల్ మోనోలో వినిపించే ప్రధాన గొంతు వేరు, స్టీరియో ఆల్బమ్‌లోది వేరు. అమెరికాలోని మోటౌన్ కంపెనీ పాటలను స్టీరియోలో విని 'ఇందులో ఇంత పేరు రావడానికి ఏముంది' అనుకున్నవాళ్లు ఒక్కసారి మోనో సింగిల్ మిక్స్ వినండి. డ్రమ్స్, బేస్, గొంతు ఒకే ముద్దగా గుండెకు తగులుతాయి.

ఇక రేడియో ఎడిట్. దీన్ని సింగిల్‌తో కలిపేయకండి. కొన్నిసార్లు రెండూ ఒకటే, కొన్నిసార్లు రేడియో స్టేషన్లకు మాత్రమే పంపే ప్రోమో రికార్డులో ఉన్నది దుకాణంలో దొరకదు. రేడియో కోసం పాటను తగ్గించేటప్పుడు మేం చూసేవి కొన్ని ఉంటాయి. మొదట ఇంట్రో. గొంతు మొదలయ్యేలోపు అనౌన్సర్ తన మాట ముగించాలి, కానీ వినేవాడు ఈలోగా స్టేషన్ మార్చకూడదు. నలభై సెకన్ల ఇంట్రో ఉంటే పదిహేనుకు దిగుతుంది. తర్వాత సోలో. ఆ తర్వాత రెండో చరణం తర్వాత వచ్చే సాగతీత. ఆఖర్న ఫేడ్ అవుట్: గంట కొట్టేసరికి వార్తలు మొదలుకావాలి కాబట్టి మెల్లగా తగ్గిపోయే ముగింపు రేడియోకు సుఖం. కోత ఎక్కడ పడిందో తెలియకూడదంటే బీటు మీదే కోయాలి. తాళపు పళ్లెం, అదే సింబల్, మోగుతూ ఉన్నచోట కోస్తే ఆ మోత మధ్యలో తెగిపోయి దొరికిపోతాం.

నిడివికి రేడియోవాళ్లు ఎంత భయపడేవాళ్లో చెప్పడానికి ఒక నిజమైన సంగతి. 1964లో రైటియస్ బ్రదర్స్ పాడిన 'యూ హావ్ లాస్ట్ దట్ లవిన్ ఫీలిన్' నిడివి 3:45. నిర్మాత ఫిల్ స్పెక్టర్ లేబుల్ మీద 3:05 అని అచ్చు వేయించాడు. నిజం రాస్తే స్టేషన్లు వేయవని ఆయన భయం. అందుకే పాత రికార్డు లేబుల్ మీది నిడివిని నమ్మి ఏ వెర్షనో తేల్చకండి, గడియారం పెట్టి వినండి. బిల్లీ జోయెల్ అయితే హిట్ కావాలంటే పాటను 3:05కి కుదించాల్సిందేనన్న బాధను 1974లో 'ది ఎంటర్‌టైనర్' అనే పాటలోనే పెట్టేశాడు.

నిడివితో సంబంధం లేని రేడియో వెర్షన్లూ ఉన్నాయి. 1970లో కింక్స్ పాట 'లోలా'లో కోకాకోలా అన్న మాట ఉంది. బీబీసీలో సరుకుల పేర్లతో ప్రచారం కుదరదు. రే డేవీస్ అమెరికా పర్యటన మధ్యలోంచి లండన్‌కు ఎగిరొచ్చి ఆ ఒక్క మాటను 'చెర్రీ కోలా' అని మార్చి పాడి వెళ్లాడు. సింగిల్‌లో చెర్రీ కోలా, ఆల్బమ్‌లో కోకాకోలా. వాన్ మారిసన్ 'బ్రౌన్ ఐడ్ గర్ల్'లో శృంగారపు మాట ఉన్న ఒక పాదాన్ని రేడియో కోసం తీసేసి, అదే పాటలో ముందున్న చరణంలోని ముక్కను అక్కడ అతికించారు. బ్లేడుతో టేపు కోసి చేసిన పని. తెలియనివాళ్లు ఈ రోజుకీ గుర్తుపట్టరు. 2010లో సీలో గ్రీన్ తన పాటలోని బూతుకు బదులు 'ఫర్గెట్ యూ' అని పాడి రేడియోకు వేరే రికార్డింగే ఇచ్చాడు. అమెరికాలో ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు అసభ్యమైన మాటలు రేడియోలో వినిపించకూడదన్న నిబంధన ఉంది. అందుకే యాప్‌లో 'క్లీన్', 'ఎక్స్‌ప్లిసిట్' అని జంటలు కనిపిస్తాయి. వాటిలో మాటను మూగబోయేలా చేయడం, తిరగేసి వినిపించడం మామూలు.

ఎడిట్ అంటే తగ్గించడమే కాదు, పెంచడం కూడా. డెబ్బైల్లో డిస్కోల కోసం టామ్ మౌల్టన్ వంటివాళ్లు పాటలను సాగదీయడం మొదలుపెట్టారు. 12 అంగుళాల సింగిల్ అలా స్థిరపడింది. పెద్ద ప్లేటు మీద ఒకే పాట కనుక గాడి విశాలంగా ఉంటుంది, బేస్ దద్దరిల్లుతుంది. 1975లో డోనా సమ్మర్ 'లవ్ టు లవ్ యూ బేబీ'ని కంపెనీ అధిపతి నీల్ బొగార్ట్ కోరిక మీద దాదాపు 17 నిమిషాలకు పెంచి ఎల్పీ ఒక వైపంతా నింపేశారు. న్యూ ఆర్డర్ 'బ్లూ మండే' 1983లో 12 అంగుళాల సింగిల్‌గానే పుట్టింది. ఏడున్నర నిమిషాల ఆ నిడివే దాని అసలు రూపం.

స్ట్రీమింగ్ వచ్చాక ప్లేటు కొలత పోయింది, ఇంకో కొలత వచ్చింది. స్పాటిఫైలో 30 సెకన్లు దాటి వింటేనే ఒక ప్లే కింద లెక్క. కాబట్టి ఇంట్రోలు కరిగిపోయాయి. 2018 చివర్లో వచ్చిన లిల్ నాస్ ఎక్స్ 'ఓల్డ్ టౌన్ రోడ్' మొదటి రూపం రెండు నిమిషాలు కూడా లేదు. అదే సమయంలో పొడుగు పాటకు అడ్డూ పోయింది. టేలర్ స్విఫ్ట్ 2012 నాటి 'ఆల్ టూ వెల్'ను 2021లో పది నిమిషాల రూపంలో మళ్లీ రికార్డు చేసింది. అది బిల్‌బోర్డ్‌లో మొదటి స్థానానికి చేరిన అత్యంత పొడుగు పాటగా నిలిచింది. అంతవరకు ఆ రికార్డు, రెండు వైపులా పంచాల్సి వచ్చిన 'అమెరికన్ పై'ది.

యాప్‌లో ఏది ఏదో ఎలా పట్టుకోవాలన్నది మీకు అసలు ఉపయోగపడే భాగం. 'రీమాస్టర్' అని ఉంటే కంగారుపడకండి. పాత మిక్స్‌నే శుభ్రం చేసి శబ్దం సరిచేశారంతే. 'రీమిక్స్' లేదా ఏడాదితో పాటు 'మిక్స్' అని ఉంటే పాళ్లే మారాయి. బీటిల్స్ 'సార్జంట్ పెప్పర్' 2009ది రీమాస్టర్, 2017ది కొత్త మిక్స్. 'రీ-రికార్డెడ్' అని చిన్నగా రాసి ఉంటే జాగ్రత్త, చవక హిట్ సంకలనాల్లో అదే గాయకుడు చాలా ఏళ్ల తర్వాత మళ్లీ పాడినవి పెట్టేస్తుంటారు. ఫైళ్లు మీ దగ్గరుంటే ఐఎస్‌ఆర్‌సీ అనే 12 అక్షరాల కోడ్ చూడండి. వేర్వేరు ఎడిట్లకు, వేర్వేరు మిక్సులకు వేర్వేరు కోడ్ ఉండాలి.

అప్పటికీ అనుమానం తీరకపోతే ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రెండు ఫైళ్లనూ మొదటి డ్రమ్ దెబ్బ దగ్గర కలిపి పెట్టి, ఒకదాన్ని 'ఇన్వర్ట్' చేసి, అంటే దాని శబ్ద తరంగాన్ని తలకిందులు చేసి, కలిపి వినండి. ఒకే మాస్టర్ అయితే దాదాపు నిశ్శబ్దం వస్తుంది. మధ్యలో ఒక్కసారిగా శబ్దం లేస్తే అక్కడ కోత పడింది. గొంతు పోయి వెనక గిటారు మాత్రమే మిగిలితే మిక్స్ మారింది. అంతా గోలగా ఉంటే వేరే టేకే కావచ్చు, లేదా టేపు వేగంలో తేడా వల్ల అలా రావచ్చు. అప్పుడు చెవినే నమ్మాలి, డ్రమ్స్ వాయింపు రెండింటిలో దెబ్బకు దెబ్బ ఒకటేనా అని చూస్తే తెలిసిపోతుంది.

మీ ప్లేలిస్టుకు వస్తే, 'లైట్ మై ఫైర్' పొడుగుదే పెట్టుకోండి, 40వ వార్షికోత్సవ మిక్స్ అని ఉన్నది వెతకండి. 'లెట్ ఇట్ బీ', 'లవ్ మీ డూ' రెండూ సింగిల్ రూపంలో కావాలంటే బీటిల్స్ 'పాస్ట్ మాస్టర్స్' సంకలనంలో ఉన్నాయి. 2000లో వచ్చిన '1' అనే హిట్ల సంకలనంలో 'లెట్ ఇట్ బీ' సింగిల్‌దే, 'లవ్ మీ డూ' మాత్రం ఆండీ వైట్ టేక్. కాబట్టి రింగో వాయించినది కావాలంటే 'పాస్ట్ మాస్టర్స్'కే వెళ్లండి.